జపానమ్మకు జనం కావలెను

జపానమ్మ మా ఊరికి ఓడెక్కి వచ్చింది. అసలు పేరు వేరే ఉంది గాని, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలగలిసి లారీ నంబరులా ఉండడంతో మా కొత్తరేవు జనం దాని జోలికి పోలేదు. నాలుగు రైళ్ళు వస్తే నాలుగింటినీ కలిపి జపానమ్మ అనేశారు. ఒక్కోదానికి ఆరు పెట్టెలు, పెట్టెకి ఒక్కో వైపున నాలుగేసి వెడల్పాటి తలుపులు, గోడల వెంబడి పొడుగాటి సీట్లు, నిలబడేవాళ్ళు పట్టుకోడానికి పైనించి వేలాడే ఉంగరాలు. కరెంటు రైలే గాని ఏసీ లేదు, ఫ్యాన్లే. టోక్యో చుట్టుపక్కల ఉద్యోగస్తుల్ని నలభై ఏళ్ళు మోసి మోసి, కొత్త రకం రైళ్ళు రాగానే పక్కకి తప్పుకుంది. మన దగ్గరైతే ఆ వయసులో ప్రభుత్వ సలహాదారు పదవి ఇస్తారు. అక్కడ ఆ అలవాటు లేదు గనక ఓడెక్కించి మాకు పంపారు.

రేవులో దించిన రోజున బ్యాండుమేళం పెట్టి కొబ్బరికాయలు కొట్టారు. విడిగా ఇంజను లేని రైలు కదా, ఏది ముందో ఏది వెనకో తేల్చలేక పంతులుగారు రెండు చివర్లా పసుపూ కుంకుమా పెట్టి తన బాధ్యత తీర్చుకున్నారు.

గంగువలస నుంచి కొత్తరేవుకి రైలు నడవడం మొదలైంది. మధ్యలో ఐసుగోదాము అని ఒక స్టేషను. అక్కడే రొయ్యల కంపెనీ, దాని ఎదురుగా నేను గుమాస్తాగా పనిచేసే ఐసు ఫ్యాక్టరీ. నేను ప్రయాణికుల సంఘానికి కార్యదర్శిని కూడా. ఎన్నిక జరిగిన రోజున మీటింగుకి వెళ్ళినవాణ్ణి నేనొక్కణ్ణే.

గంగువలస ఆడవాళ్ళలో సగం మంది రొయ్యల కంపెనీలో పొట్టు వలిచే పని చేస్తారు. ఎనిమిదింటికి గేటు మూసేస్తారు. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఆ పూట కూలి లేదు. మూడుసార్లు ఆలస్యమైతే పేరే కొట్టేస్తారు. మా వీధి అప్పలనరసమ్మ పన్నెండేళ్ళుగా ఆ గేటుతో పరుగుపందెం ఆడుతోంది. మొగుడు మంచంలో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు, ఇల్లు గడిచేది ఆమె వలిచే రొయ్యల మీదే. బస్సులో ఆమెకి సీటు దొరకడం మాట అటుంచి, రెండు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనిన రోజు లేదు.

జపానమ్మ పది నిమిషాలకొకటి చొప్పున రాసాగింది. ఎక్కితే చోటుంది. చెప్పిన వేళకి ఐసుగోదాములో దింపింది. మొదటిరోజున అప్పలనరసమ్మ సీటు మీద కూర్చుని, నా వైపు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"బావూ, కూకుండిపోయి ఎల్తన్నానండి! నా పెళ్ళిలోనే నన్నింతసేపు కూకోబెట్టలేదు!" అంది.

రైలు వచ్చింది కదా అని ప్రభుత్వం బస్సులు ఎత్తేసింది. ఎవ్వరూ ఏమీ అనలేదు. ఇంత సుఖంగా ఉన్నప్పుడు బస్సెందుకు?

ఆ సుఖమే కొంప ముంచింది.

మా ఉపనగర రైలు కార్పొరేషనుకి మేనేజింగ్ డైరెక్టరు భుజంగరావుగారు. ఆయన ఏ పనీ చదవకుండా చెయ్యరు, చదివిన పని ఆపరు. జపానమ్మ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోడానికి ఆయన సకుటుంబంగా జపాన్ అధ్యయన యాత్ర చేసి వచ్చి, ప్రయాణికుల సంఘాన్ని చర్చలకి పిలిచారు. సంఘం, అంటే నేను, వెళ్ళాను.

"వాహనం వచ్చింది, చరిత్ర రాలేదు," అన్నారాయన బాధగా. "చరిత్ర లేని రైలు పాత ఇనుప సామానుతో సమానం."

గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. పాత ఫోటోలు. మన జపానమ్మే, పడుచు వయసులో. ప్రతి తలుపులోనూ మనుషులు కిక్కిరిసి ఉన్నారు. సగం లోపల, సగం బయట. తెల్ల గ్లౌజులు వేసుకున్న రైల్వేవాళ్ళు వాళ్ళ వీపుల మీద చేతులు ఆనించి బలంకొద్దీ లోపలికి తోస్తున్నారు.

"చూశారా! పెట్టెలో పట్టవలసిన మనుషులకి రెండున్నర రెట్లు. రెండు వందల యాభై శాతం సమ్మర్దం! ఈ రైలు ఘనచరిత్ర అంతా ఇదే. మరి మన దగ్గరో? అంతా కూర్చుంటున్నారు." కూర్చోవడం అనే మాట ఆయన ఎంత అసహ్యంగా అన్నారంటే, నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"అయ్యా, కూర్చుంటే మంచిదే గదా?" అన్నాను.

"వారసత్వ వాహనములను వాటి చారిత్రక పద్ధతిలోనే యథాతథముగా నడుపవలెనని ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. ఉల్లంఘించమంటారా?"

ఆ ఉత్తర్వు బీచిలో తిరిగే గుర్రబ్బండ్లకి ప్లాస్టిక్ పూలు కట్టకూడదని ఇచ్చినదట. అయితే ఉత్తర్వులో గుర్రం అనే మాట వాడలేదు. జాగ్రత్తగల అధికారి ఎవరో 'వాహనములు' అని రాసి పెట్టాడు.

నెల తిరక్కుండా కార్పొరేషనులో తోపుడు విభాగం ఏర్పడింది. ప్రధాన తోపరి, ఉప తోపరులు, వాళ్ళ కింద మామూలు తోపరులు. రేవులో యంత్రాలు దిగాక పని పోయిన కలాసీలని తీసుకున్నారు. బస్తాలు మోసిన భుజాలు కదా అని. వాళ్ళలో మా ఎర్రినాయుడొకడు. అప్పలనరసమ్మ వాడికి వరసకి అక్క, అప్పా అంటాడు, ఆమె చేతి కూడు తిని పెరిగినవాడు. పనిలేక రెండేళ్ళుగా ఎండిపోయి ఉన్నవాడికి తెల్ల గ్లౌజులూ, టోపీ, విజిలూ ఇచ్చారు. ఒక్కటే షరతు. ఏడాది తిరిగేలోగా సమ్మర్దం రెండు వందల యాభై శాతం చేరితేనే ఉద్యోగం పర్మినెంటు. చేరకపోతే విభాగమే రద్దు.

మర్నాడు గంగువలస ప్లాట్‌ఫారం మీద నన్ను తోశారు. ఖాళీ పెట్టెలోకి నేను నా దారిన ఎక్కుతున్నాను. వెనకనించి రెండు చేతులు వీపుకి ఆనాయి. మరుక్షణంలో నేను అటువైపు తలుపుకి ముక్కు ఆనించి ఉన్నాను.

"తప్పయిపోనాది బావూ!" కిటికీలోంచి ఎర్రినాయుడు దణ్ణం పెట్టాడు. "పెదసారు సూత్తన్నారు. మీరు సూత్తే ఒక్కరే ఎక్కినారు. తొయ్యకపోతే ఎలాగండి మరి?"

"ఖాళీగా ఉంది కదరా!"

"అదేనండి కష్టం. అడ్డం లేకపోతే తోపు ఆగదండి."

దూరంగా భుజంగరావుగారు చేతి గడియారం చూసుకుని, తల అడ్డంగా ఊపారు. తోపుడు విభాగం ఉంది, తోపు ఉంది, లేనిదల్లా జనం. లోపం ఎక్కడుందో ఆయనకి తెలిసిపోయింది. లోపం మాలో ఉంది.

దిద్దుబాటు మొదలైంది. పది నిమిషాలకొక రైలు ఉంటే జనం చెదిరిపోతున్నారని గంటకొకటి చేశారు. ఆరు పెట్టెల్లో మూడు విప్పి షెడ్డులో పెట్టారు. అప్పటికి కాస్త నిండింది గాని, గంటసేపు నిలబడలేనివాళ్ళు ఆటోలు ఎక్కడం మొదలెట్టారు. స్టేషన్లలో మైకు అరిచేది:

"ప్రయాణికులకు విజ్ఞప్తి. కొందరు ప్రయాణికులు స్వార్థబుద్ధితో ఇతర వాహనములను ఆశ్రయించుచున్నట్లు సంస్థ దృష్టికి వచ్చినది. దయచేసి గుమిగూడి సహకరించండి."

ఎంత గుమిగూడినా శాతం లక్ష్యంలో సగానికి మించి కదల్లేదు. ఏడాది దగ్గరపడుతోంది. అప్పుడు భుజంగరావుగారికి సత్తిబాబు గుర్తొచ్చాడు.

జనాల సత్తిబాబు అంటే మా జిల్లాలో తెలియని పార్టీ లేదు. ఎవరి బహిరంగసభకైనా జనాన్ని సప్లై చేసేది అతనే. పొద్దున ఒకరికి, సాయంత్రం వాళ్ళ ప్రత్యర్థికి. కండువా మారితే చాలు. పిలిపించి విషయం చెప్పారు. సంఘం తరఫున నేనూ అక్కడే ఉన్నాను.

"సప్పట్లతో కావాలా సార్, సప్పట్లు లేకుండానా?" అన్నాడు సత్తిబాబు.

"చప్పట్లు అక్కర్లేదు. చారిత్రక సమ్మర్దం కావాలి."

"అంటే ఒక రకం తొక్కిసలాట. సేసీవచ్చు. బిర్యానీ పొట్లాం, మజ్జిగ పేకెట్టు మామూలే. ఎక్కడ దిగాలి సార్ మావోళ్ళు?"

భుజంగరావుగారు కాసేపు ఆలోచించారు. ఇంతవరకు ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు.

"దిగడం దేనికి?" అన్నారు చివరికి.

సోమవారం నించి జపానమ్మ నిండింది. అబ్బ, ఏం నిండడమండీ! తలుపుల్లోంచి మోచేతులు, చీర చెంగులు, బిర్యానీ పొట్లాలు బయటికి వచ్చేవి. ఎర్రినాయుడూ అతని బృందమూ కాళ్ళు నేలకి తన్నిపెట్టి తోస్తే తలుపులు మూసుకునేవి. సభల అలవాటు పోక, స్టేషను రాగానే ఎవరో "జపానమ్మా!" అనేవాడు. మూడు పెట్టెలూ కలిసి "జిందాబాద్!" అనేవి. పొద్దున ఎక్కిన జనం గంగువలస నుంచి కొత్తరేవుకీ, మళ్ళీ వెనక్కీ తిరిగి తిరిగి చీకటి పడ్డాక దిగేవారు. పరదేశం నుంచి వచ్చిన రైలుకి ఇంత అభిమానం దొరకడం చూసి పత్రికలవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు.

టికెట్టు కొనుక్కుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్ళం మాత్రం అక్కడే నిలబడ్డాం.

"ఒరే నాయుడా, కూసింత జాగా సెయ్యరా," అంది అప్పలనరసమ్మ ఆ సోమవారం. క్యారేజీ చంకలో పెట్టుకుని తలుపు దగ్గరికి తోసుకెళ్ళింది.

"జాగా లేదప్పా."

"ఉన్నోళ్ళని తోసినావు కదరా! నన్ను తొయ్యడానికేటి?"

ఎర్రినాయుడు మొహం తిప్పుకున్నాడు. "రెండు వందల యాబై అయిపోనాదప్పా. పైన ఒక్కరెక్కినా సరిత్ర తప్పిపోద్దని సెప్పినారు."

రైలు వెళ్ళిపోయింది. గంటకి ఇంకోటి వచ్చింది. అదీ జిందాబాద్ అంటూ వెళ్ళిపోయింది. బస్సుల్లేవు. ఆమె పట్టాల వెంబడి నడిచి ఐసుగోదాము చేరేసరికి గేటు మూసి చాలాసేపయింది.

మంగళవారం అప్పుచేసి ఆటో ఎక్కింది గాని, బుధవారం అప్పు పుట్టక మళ్ళీ అదే. అది రెండోది. ఆ సాయంత్రం ఆమె మా ఇంటికి వచ్చి గుమ్మంలో కూలబడింది.

"ఇంకొక్కసారి గేటు పడిపోతే పేరు కొట్టీత్తారండి బావూ. నా పేరంటే నాది కాదండి, ఇంట్లో మంచమ్మీదున్నోడి మందు అది. మీరు సంగానికి పెద్ద కదా. ఓపాలి ఎల్లి సెప్పండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లారి తిన్నగా భుజంగరావుగారి దగ్గరికి వెళ్ళి, జనం పనులకి పోలేకపోతున్నారని గట్టిగానే చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు. అంత ఓపికగల మనిషికి కోపం తెప్పించలేం, మన కోపమే వృథా.

"మీరు ప్రయాణం చెయ్యాలనే సంకుచిత దృష్టితో చూస్తున్నారు," అన్నారు. "మీ దగ్గర ఉన్నది టికెట్టు. వాళ్ళ దగ్గర ఉన్నది నియామకం. సంస్థ ఎవరికి జవాబుదారీ?"

"మరి మేం పనికి ఎలా వెళ్ళాలండీ?"

"నియామకం తీసుకోండి. సత్తిబాబుగారికి ఇంకా జనం అవసరమే."

ఆ మాట నాకు అప్పుడు వెటకారంలా తోచింది. వెటకారం కాదు, అది కార్పొరేషను ఆలోచన.

శుక్రవారం ఉత్సవం. జపానమ్మని తయారుచేసిన ఇంజనీర్లలో ఒకాయన ఇంకా బతికే ఉన్నారని తెలిసి, ఆయన్ని పిలిపించారు. మోరిత అని, ఎనభై దాటిన మనిషి. పక్కన భాష తెలిసిన ఒకమ్మాయి. సన్మానం కోసమని శాలువా చేత్తో పట్టుకుని భుజంగరావుగారు గంగువలస ప్లాట్‌ఫారం మీద ఎదురుచూస్తుండగా రైలు వచ్చింది. ముసలాయన ముందు తలుపు అంచుని వేళ్ళతో తడిమి చూసుకున్నాడు, చాలారోజులకి కలిసిన మనిషిని తడిమినట్టు. అప్పుడు ఎర్రినాయుడు విజిలేసి తోపు మొదలుపెట్టాడు. మోరితగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎందుకు తోస్తున్నారు?" అని అడిగారట.

"మీ చరిత్రని గౌరవిస్తున్నాం," అని చెప్పించారు భుజంగరావుగారు.

 పెద్దాయన మాట్లాడింది ఆ అమ్మాయి తలొంచుకుని తెలుగులో చెప్పింది. "ఆ తోపు మాకు చేతకాని రోజుల సంగతి. మనుషుల్ని సామాన్లలా కుక్కుతున్నందుకు సిగ్గుపడేవాళ్ళం. దాన్ని మాన్పించడానికే ఈ తలుపులు వెడల్పు చేశాం. పెట్టెలు పెంచాం, రైళ్ళు పెంచాం, పక్కన ఇంకో లైను వేశాం. నా ఉద్యోగమంతా అందులోనే అయిపోయింది. ఈ రైలు చరిత్ర అది. మీకు మొదటిరోజునే అందరికీ సీటు దొరికిందట కదా. అక్కణ్ణించి వెనక్కి ఎందుకొచ్చారు?" పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు.

"ఎంత వినయం!" అన్నారు భుజంగరావుగారు, పత్రికలవాళ్ళ వైపు తిరిగి. "ఆ దేశంలో పెద్దవాళ్ళు తమ గొప్ప తాము చెప్పుకోరు." శాలువా కప్పేశారు. మర్నాడు పేపర్లో 'తోపు చూసి ఆనందబాష్పాలు రాల్చిన జపాన్ ఇంజనీరు' అని పడింది.

గురువారంలాగే ఆ శుక్రవారమూ అప్పలనరసమ్మ చీకటి ఉండగానే నడక మొదలెట్టింది. అయితే ఉత్సవం బందోబస్తని పోలీసులు పట్టాల మీదికి ఎవర్నీ దిగనివ్వలేదు. చుట్టు తిరిగి వెళ్ళేసరికి గేటు పడిపోయింది. మూడోది. పన్నెండేళ్ళ పేరు కొట్టేశారు.

రెండురోజులు ఏడ్చి, మూడో రోజున ఆమె సత్తిబాబు జనంలో చేరింది. ఆమె వెనకే కంపెనీకి వెళ్ళలేని మిగతా ఆడవాళ్ళూ, వాళ్ళ వెనక బట్టలకొట్టు గుమాస్తాలూ, తాపీమేస్త్రులూ, చివరికి నేనూ. నా ఉద్దేశం వేరు. నియామకం ఉంటే రైలెక్కనిస్తారు, ఎక్కాక ఐసుగోదాములో జారుకోవచ్చు. అందరి ఉద్దేశమూ అదే. తొలిరోజున ఐసుగోదాములో జనం మొత్తం దిగిపోయారు. ఆ ఒక్క స్టేషనులో సమ్మర్దం ఎంతకి పడిపోయిందో చెప్పడానికి భుజంగరావుగారికి నోరు రాలేదు.

మరునాడు మైకు చెప్పింది. "నియామక ప్రయాణికులు మార్గమధ్యములో దిగుట చారిత్రక నష్టముగా పరిగణింపబడును. అట్టివారిని లోనికి సర్దుటకు మధ్యస్టేషన్లలో తోపరులను నియమించడమైనది."

ఏడాది తిరిగింది. రెండు వందల యాభై శాతం పూర్తయింది. తోపుడు విభాగాన్ని శాశ్వతం చేశారు. ఎర్రినాయుడికి పర్మినెంటు ఆర్డరుతో పాటు ఉప తోపరిగా ప్రమోషన్ ఇచ్చి ఐసుగోదాముకి వేశారు. భుజంగరావుగారికి ఏదో అవార్డు వచ్చింది. గంగువలసలో ఒక్క మనిషి కూడా ఊరికే లేడు, అందరూ రైల్లోనే ఉన్నారు. కొత్తరేవులో కొట్లు మధ్యాహ్నానికి తెరిచేవారు. మా ఐసు ఫ్యాక్టరీలో ఐసు కోసేవాడు లేక బ్లాకులు ఉన్నచోటనే కరిగిపోతున్నాయి. రొయ్యల కంపెనీలో వలిచే చెయ్యి లేక సరుకు కుళ్ళిపోతోంది. కంపెనీ మేనేజరు గేటు బార్లా తెరిచి పెట్టాడు. ఎప్పుడొచ్చినా సరే, పాతవాళ్ళ పేర్లన్నీ మళ్ళీ రాసుకుంటానని, రైలొచ్చినప్పుడల్లా ప్లాట్‌ఫారం మీదికొచ్చి చేతులు జోడించి పిలిచేవాడు. నడిచి పోదామన్నా, నియామకం తీసుకున్నవాళ్ళని పొద్దున్నే సత్తిబాబు మనుషులు ఇంటి దగ్గరే పట్టుకుని రైలెక్కించేవారు.

నిన్న పొద్దున రైలు ఐసుగోదాములో ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. అప్పలనరసమ్మ తలుపు దగ్గర ఉంది, ఆమె వెనక నేను. ఎదురుగా గేటు తెరిచే ఉంది. మేనేజరు ఆమెని పోల్చుకున్నాడు.

"నర్సమ్మా, రామ్మా! నీ బల్ల ఖాళీగానే ఉంది!" అని కేకేశాడు.

ఆమె ఒక కాలు బయట పెట్టింది.

ప్లాట్‌ఫారం మీద ఎర్రినాయుడు. కొత్త యూనిఫారం, ఉతికిన గ్లౌజులు.

"అప్పా, లోపలికెల్లు."

"దిగీనియ్యరా నాయుడా. అదుగో గేటు. ఒక్క పాలి దిగీనిత్తే నా పని నాకొచ్చీత్తది."

"దిగితే సాతం పడిపోద్దప్పా. నా పని పోద్ది. పిల్లలున్నారు."

"నాకు లేరేటి?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.   ఆమె రెండో కాలు కూడా ఎత్తింది. అతను రెండు చేతులూ చాపాడు, భుజాల మీద కాదు, ఎక్కడ ఆనిస్తే దెబ్బ తగలదో అక్కడ చూసి ఆనించాడు. "సమించీ అప్పా," అన్నాడు.

ఆమె నా మీద పడింది, నేను నా వెనకవాళ్ళ మీద పడ్డాను, తలుపులు మూసుకున్నాయి. అద్దంలోంచి చూస్తే ఎర్రినాయుడి కళ్ళనిండా నీళ్ళు. తోపు మాత్రం జపానువాళ్ళకి ఏమీ తీసిపోలేదు.